మతాన్ని చదవాలంటే భక్తి ఉండాలా?

పోయిన నెల ఒక జవాబు చివర్న, "మతాన్ని నమ్మడం ఒక పని, మతాన్ని చదవడం ఇంకో పని" అని రాశాను. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు కడిగేశారు, ఒకాయన అయితే ముందు నా మతం ఏమిటో చెప్పమన్నారు, చెబితేగానీ మిగతాది చదవరట. (చెప్పను, ఆయన చదవకపోయినా సరే.) ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి ఈసారి శీర్షిక మొత్తం వీటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. పీజీలో రెలిజియస్ స్టడీస్ చేయాలని ఉంది. ఇంట్లో చెబితే మా బాబాయి "సన్యాసం పుచ్చుకుంటావా ఏంటి" అని నవ్వాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం రాలేదు. వేదాంతం చదవడానికీ దీనికీ తేడా ఏమిటి?

జవాబు: మీ బాబాయిగారిని ఏమీ అనకండి, ఈ తేడా తేల్చుకోవడానికి యూనివర్సిటీలకే చాలా కాలం పట్టింది. ఉపవాసం సంగతే తీసుకుందాం. వేదాంతమైనా, క్రైస్తవుల థియాలజీ అయినా, ముస్లిం పండితుల ధర్మశాస్త్రమైనా లోపలి నుంచి అడుగుతాయి: ఉపవాసం ఎలా చేస్తే సరైనది, నీళ్ళు తాగితే భంగమవుతుందా, జబ్బు మనిషి మానేయవచ్చా. రెలిజియస్ స్టడీస్ చదివేవాళ్ళు రంజాన్ ఉపవాసాన్ని, క్రైస్తవుల లెంట్‌ను, ఏకాదశిని, చావుదాకా ఆహారం తగ్గించుకుంటూ పోయే జైనుల సల్లేఖనాన్ని పక్కపక్కన పెట్టుకుని, కడుపు మాడ్చుకోవడాన్ని ఇన్నిచోట్ల మనుషులు ఎందుకు పవిత్రం చేసుకున్నారు, ఎవరు చేస్తారు, ఎవరికి మినహాయింపు, ఆ మినహాయింపు ఇచ్చే అధికారం ఎవరిది, అని అడుగుతారు. పుణ్యం వస్తుందా రాదా అన్నది వాళ్ళు తేల్చరు. తేల్చడం చేతగాక కాదు, అది వాళ్ళ పని కాదు కాబట్టి.

ఈ పద్ధతికి గట్టి పునాది వేసినవాళ్ళలో నినియన్ స్మార్ట్ ఒకరు. 1967లో ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ యూనివర్సిటీలో రెలిజియస్ స్టడీస్ విభాగం మొదలుపెట్టింది ఆయనే. దేవుడు ఉన్నాడనీ లేడనీ ముందే ఒక నిర్ణయానికి వచ్చేసి చదవొద్దు, ఆ ప్రశ్నను పక్కన పెట్టి, నమ్మేవాడికి అది ఎలా కనబడుతోందో చూడండి అంటాడు. అమెరికాలో అయితే ఈ తేడా కోర్టుదాకా వెళ్ళింది. ప్రభుత్వ బడుల్లో రోజూ బైబిల్ చదివించడం చెల్లదని 1963లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూనే, అదే తీర్పులో, లౌకిక విద్యలో భాగంగా మతాన్ని నిష్పాక్షికంగా చదివితే అభ్యంతరం లేదంది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈ విభాగాలు బాగా పెరిగాయి. బాబాయిగారికి ఇంత అక్కర్లేదు, "క్రికెట్ ఆడటం వేరు, క్రికెట్ చరిత్ర రాయడం వేరు" అని చెప్పి చూడండి.

ప్రశ్న: ఇంత చెబుతున్నారు, అసలు మతం అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పండి చూద్దాం.

జవాబు: చెప్పలేనండీ. నేనే కాదు, నూట యాభై ఏళ్ళుగా ఎవరు చెప్పినా పక్కవాళ్ళు ఊరుకోలేదు.

1871లో ఇంగ్లండ్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ తేలిగ్గా తేల్చేశాడు, మతమంటే ఆత్మల మీద, కంటికి కనబడని జీవుల మీద నమ్మకం అని. బాగుంది కదా? 1912లో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్కహైమ్ దీనికి అడ్డం తిరిగాడు. సృష్టికర్త లేడు, దేవుళ్ళు ఉన్నా వాళ్ళ వల్ల మోక్షం రాదు అనే బౌద్ధం సంగతేమిటి, దాన్ని మతం కాదందామా అని అడిగి, ఆయన ఇంకో దారి పట్టాడు. మనుషులు కొన్నిటిని మామూలు వస్తువుల నుంచి విడదీసి పవిత్రం అంటారు, వాటి చుట్టూ నియమాలు పెట్టుకుంటారు, ఆ నియమాల వల్ల ఒక సమూహంగా ముడిపడతారు, అదే మతం అన్నాడు. ఇదీ బాగానే ఉంది, కానీ జాతీయ జెండాకు కూడా సరిగ్గా ఇదే వర్తిస్తుంది కదా అని విద్యార్థులు మొదటి క్లాసులోనే పట్టేసుకుంటారు. (దుర్కహైమ్ బతికుంటే, అవును, వర్తిస్తుంది, అయితే ఏంటి అనేవాడేమో.)

అసలు చిక్కు మాటలోనే ఉంది. రోమన్ల లాటిన్‌లో 'రెలిజియో' అంటే దేవతల విషయంలో పాటించాల్సిన జాగ్రత్త, నిష్ఠ. ఇది ఒక మతం, అది ఇంకో మతం అని లెక్కపెట్టే అర్థం యూరప్‌లో చాలా తర్వాత గట్టిపడింది. విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ అరవైల్లో దీనిమీదే ఒక పుస్తకం రాసి, ఈ 'మతం' అనే మాటను వదిలేస్తేనే మేలని వాదించాడు. జపాన్‌లో 19వ శతాబ్దం రెండో సగంలో పాశ్చాత్య దేశాలతో ఒప్పందాలు రాసుకునేటప్పుడు ఈ మాటకు సరైన సమానార్థకం దొరకలేదు, చివరికి పాత బౌద్ధ గ్రంథాల్లో ఉన్న 'షూక్యో' అనే పదాన్ని తీసి కొత్త అర్థంలో వాడటం మొదలుపెట్టారు. అక్కడ షింటో (జపాన్ సొంత సంప్రదాయం), బౌద్ధ సంస్థలు తమ సభ్యులెంతమందో ఎవరికి వాళ్ళు చెప్పిన లెక్కలు కూడితే ఏళ్ళ తరబడి దేశ జనాభాను మించిపోయేవి, ఎందుకంటే ఒకే మనిషి రెండుచోట్లా ఉంటాడు, అతనికి అందులో ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది లెక్కపెట్టేవాళ్ళకే.

మన మాట మాత్రం ఏమైనా తక్కువ తిన్నదా? మతం అంటే సంస్కృతంలో అభిప్రాయం. అభిమతం, సమ్మతం అన్న మాటల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఫలానా ఆచార్యుడి మతం ప్రకారం అంటే ఆయన ఆలోచన ప్రకారం అనే. అలాంటి మాట మీద ఇప్పుడు పుట్టుక, పెళ్ళి, చావు, జనాభా లెక్కల ఫారంలో ఒక గడి, అన్నీ ఎక్కించాం. షికాగోలో పాఠాలు చెప్పిన జొనాథన్ స్మిత్ అయితే 'మతం' అనేది పరిశోధకుడు తన బల్ల దగ్గర కూర్చుని తయారుచేసుకున్న వర్గీకరణ అన్నాడు. జనం చేసే పూజలు, జపాలు, యాత్రలు అబద్ధమని కాదు ఆయన ఉద్దేశం, వాటన్నిటినీ ఒకే మూటగా కట్టి పేరు పెట్టింది చదివేవాళ్ళు, ఆ కట్టిన సంగతి మరిచిపోకండి అని.

ప్రశ్న: అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే. అది తెలిశాక ఇంకా పోల్చి చూడటం దేనికి? కాలక్షేపం కాకపోతే.

జవాబు: మీరు మంచి మనసుతోనే అన్నారని తెలుసు. కానీ అన్నీ ఒకటే అనేసిన క్షణం నుంచి మనం చూడటం మానేస్తాం. ఒక ఉదాహరణ చెబుతాను, కాస్త పొడవు, ఓపిక పట్టండి.

1872లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ అనే ఆయన మెసపటోమియాలోని (ఇప్పటి ఇరాక్) ప్రాచీన నగరం నినెవె తవ్వకాల్లో దొరికిన మట్టి పలకలు చదువుతున్నాడు. కరెన్సీ నోట్ల అచ్చులు చెక్కే పని నేర్చుకున్న మనిషి, పెద్ద చదువులు లేవు, ఆ పలకల మీద మేకుల్లాంటి గుర్తులతో ఉండే కీలక లిపి సొంతంగా నేర్చుకున్నాడు. ఒక పలక మీద వరద, ఓడ, కొండ మీద ఆగడం, నేల దొరికిందేమో చూడటానికి పావురాన్ని వదలడం కనబడ్డాయి. బైబిల్లో నోవహు కథలాగే! ఆనందం పట్టలేక గదిలో అటూ ఇటూ పరిగెత్తి బట్టలు విప్పేయడం మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఆయన దాని మీద ప్రసంగిస్తే బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ కూడా వచ్చి విన్నాడు.

ఇక మన వైదిక గ్రంథం శతపథ బ్రాహ్మణంలో మనువు కథ ఉంది. చేతులు కడుక్కుంటుంటే దొరికిన చిన్న చేప, తనను పెంచమంటుంది, వరద వస్తుందని హెచ్చరిస్తుంది, చివరికి మనువు ఓడను దాని కొమ్ముకు కడతాడు. మూడు కథలు, మూడు ఓడలు. "చూశారా, అన్నీ ఒకటే" అనిపిస్తుంది.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి నెమ్మదిగా చదవండి. మెసపటోమియా కథకూ బైబిల్ కథకూ పోలిక మామూలుది కాదు, పక్షుల్ని వదలడం లాంటి చిన్నచిన్న వివరాలు కూడా కలుస్తాయి (అక్కడ పావురం, వానకోవెల, కాకి, ఇక్కడ కాకి, పావురం), కాబట్టి ఆ రెండిటి మధ్య చుట్టరికం ఉందని పండితులు దాదాపు ఒప్పుకుంటారు. మనువు దగ్గర పక్షులే లేవు. అంటే పోలికల్లోనే రెండు రకాలున్నాయి, ఒకరి నుంచి ఒకరికి వచ్చినవి కొన్ని, ఎవరికి వాళ్ళకు విడిగా తట్టి ఉండగలిగినవి కొన్ని. ఈ రెండిటినీ కలిపేయడమే ఈ సబ్జెక్టులో అన్నిటికంటే పెద్ద తప్పు, పెద్దపెద్ద వాళ్ళే చేశారు.

ఇంకా లోపలికి వెళ్ళండి. వరద ఎందుకు వచ్చింది? అత్రహాసిస్ అనే మెసపటోమియా కావ్యంలో మనుషులు పెరిగిపోయి గోల చేస్తుంటే ఎన్లిల్ దేవుడికి నిద్ర పట్టలేదు, అందుకు. బైబిల్లో మనుషుల దుర్మార్గానికి శిక్షగా. శతపథంలో కారణమే చెప్పరు, ఊరికే వచ్చింది. మూడింట్లోనూ వరద తగ్గాక ఓడ దిగినవాడు నైవేద్యం పెడతాడు, నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అది. మెసపటోమియాలో, ఇన్నాళ్ళూ పెట్టే దిక్కులేక ఆకలితో ఉన్న దేవతలు ఆ వాసనకు ఈగల్లా మూగుతారు. బైబిల్లో దేవుడు ఆ సువాసన ఆఘ్రాణించి ఇక మనుషుల వల్ల నేలను శపించనని అనుకుంటాడు. మనువు నీళ్ళలో నెయ్యి, పెరుగు వేసి హోమం చేస్తే ఏడాదికి అందులోంచి ఒక స్త్రీ పుడుతుంది, ఆమెతోనే మళ్ళీ సంతతి మొదలవుతుంది. ఒకచోట నైవేద్యం దేవుళ్ళ అన్నం, ఒకచోట దేవుడి మనసు మార్చే సంఘటన, ఒకచోట సృష్టిని పుట్టించే యంత్రం! పోల్చి చూడకపోతే ఈ తేడా ఎక్కడ కనబడుతుంది చెప్పండి. ఇది కాలక్షేపమే అంటే, సరే, ఇంతకంటే మంచి కాలక్షేపం నాకు తెలియదు.

ప్రశ్న: ఈ శాస్త్రమంతా తెల్లవాళ్ళు వలసపాలన కాలంలో ఇతరుల మతాలను తక్కువ చేయడానికి పెట్టుకున్నది కాదా? నిజాయితీగా చెప్పండి.

జవాబు: సగం అవును. జర్మనీలో పుట్టిన సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ ఋగ్వేదం ముద్రించడానికి డబ్బు పెట్టింది ఈస్టిండియా కంపెనీయే. ఆయన సంపాదకత్వంలో 1879 నుంచి 1910 వరకు 50 సంపుటాల్లో వచ్చిన ప్రాచ్య పవిత్ర గ్రంథాల అనువాదాల్లో హిందూ, బౌద్ధ, జైన, పార్సీ, చైనా గ్రంథాలున్నాయి, ఖురాన్ ఉంది, బైబిల్ మాత్రం లేదు. బైబిల్ పుట్టింది కూడా ఆసియాలోనే కదా అని అడగాలనిపిస్తుంది. ఇక జేమ్స్ ఫ్రేజర్ లాంటివాళ్ళు ముందు మంత్రతంత్రాలు, తర్వాత మతం, ఆ తర్వాత సైన్సు అని ఒక నిచ్చెన వేసి, పై మెట్టు మీద ఎవరు కూర్చున్నారో వేరే చెప్పక్కర్లేకుండా చేశారు. ఈ వాసన ఇంకా పూర్తిగా పోలేదు. మానవశాస్త్రవేత్త తలాల్ అసద్ లాంటివాళ్ళు 1990ల్లో చూపించింది అదే, మతం అంటే ముఖ్యంగా లోపలి నమ్మకం అనుకోవడమే ప్రొటెస్టెంట్ క్రైస్తవం నుంచి వచ్చిన అలవాటు అని. నమ్మకం కంటే ఆచరణ ముఖ్యమైన చోట ఆ కళ్ళద్దాలు పనిచేయవు.

మిగతా సగం కాదు. క్రీ.శ. 1030 ప్రాంతంలో మధ్య ఆసియా పండితుడు అల్‌బిరూనీ సంస్కృతం నేర్చుకుని, హిందువులు ఏమనుకుంటారో వాళ్ళ మాటల్లోనే చెబుతాను, ఖండించడం నా పని కాదు అని ముందే చెప్పి పుస్తకం రాశాడు, పక్కనే గ్రీకుల ఆలోచనలతో పోల్చాడు కూడా. ఆయన వచ్చింది గజనీ మహమూద్ దండయాత్రల కాలంలో, అదీ మరిచిపోకూడదు. అంతకంటే ముందే, 8వ శతాబ్దంలో, జైనుడైన హరిభద్రుడు తనవి కాని దర్శనాలను కూడా ఒక్కొక్కటిగా క్లుప్తంగా చెప్పే చిన్న గ్రంథం రాశాడు. పక్కవాడి నమ్మకాన్ని పక్కవాడు ఒప్పుకునేలా చెప్పగలగడం ఏ ఒక్క ఖండం సొత్తూ కాదు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలకు కొత్తగా ప్రొఫెసర్ పదవి పెట్టినప్పుడు మొదట అందులో కూర్చున్నది సర్వేపల్లి రాధాకృష్ణన్.

ప్రశ్న: పవిత్ర గ్రంథాలు శ్రద్ధగా చదివితే ఆ మతం తెలిసిపోతుంది కదా. ఊళ్ళు తిరగడం ఎందుకు?

జవాబు: ముల్లర్ అలాగే అనుకున్నాడు, జీవితమంతా వేదాలతో గడిపి ఒక్కసారి కూడా ఇండియా రాలేదు. ఆస్ట్రేలియా ఆదివాసుల మీద లావుపాటి పుస్తకం రాసిన దుర్కహైమ్ ఆస్ట్రేలియా చూడలేదు.

మరి వెళ్ళినవాళ్ళకు ఏం దొరికింది? మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మానవశాస్త్రవేత్త బ్రానిస్లా మలినోవ్‌స్కీ న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండిపోయాడు. అక్కడివాళ్ళు లోపలి లగూన్‌లో, అంటే ప్రశాంతంగా ఉండే నీళ్ళలో చేపలు పట్టేటప్పుడు మంత్రాల జోలికి పోరు. నడిసముద్రంలోకి వెళ్ళేటప్పుడు మాత్రం పెద్ద తంతే ఉంటుంది. అదే మనుషులు, అదే చేపల వేట. ప్రమాదం, అనిశ్చితి ఉన్నచోటే మంత్రం ఉందన్నమాట. ఈ వివరణ అన్నిచోట్లా కుదరదని తర్వాతివాళ్ళు వాదించారు, అది వేరే సంగతి, కానీ ఇలాంటి విషయం ఏ గ్రంథంలోనూ రాసి ఉండదు, పడవ పక్కన నిలబడితేనే తెలుస్తుంది. పైగా గ్రంథాలు రాసింది ఎక్కువగా చదువుకున్న మగవాళ్ళు. ఇంట్లో ఆడవాళ్ళు ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో వాటిలో వెతికితే ఏం దొరుకుతుంది?

ప్రశ్న: మతం ఎప్పుడు పుట్టింది?

జవాబు: తేదీ అడగకండి, ఇవ్వలేను. టర్కీ ఆగ్నేయంలో గోబెక్లి తెపె అనే చోట సుమారు క్రీ.పూ. 9500 నాటి పెద్దపెద్ద రాతి స్తంభాలు వలయాలుగా నిలబెట్టి దొరికాయి, కొన్ని ఐదు మీటర్లకు పైన. నిలబెట్టింది ఇంకా వ్యవసాయం కూడా మొదలుపెట్టని వేటగాళ్ళు. 1995 నుంచి తవ్విన క్లావ్స్ ష్మిత్ దీన్ని గుడి అన్నాడు, ముందు గుడి, తర్వాతే ఊరు అన్నాడు. బ్రహ్మాండమైన మాట, పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. ఆ తర్వాత అక్కడే ఇళ్ళలాంటి కట్టడాలు, వాననీటిని పట్టుకునే ఏర్పాట్లు బయటపడ్డాయి, దాంతో అది ఉత్త గుడి మాత్రమే అనడం కష్టమైపోయింది. అసలు ఇది గుడి, ఇది ఇల్లు అని విడదీసే అలవాటు వాళ్ళకుందా మనకుందా అన్నది ఇంకో ప్రశ్న, పైన చెప్పిన మాట గొడవే మళ్ళీ.

ప్రశ్న: నాస్తికుడిని. నాలాంటివాడు ఈ సబ్జెక్టు తీసుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ తనకు మతం విషయంలో సంగీతజ్ఞానం లేదని చెప్పుకున్నాడు, అంటే ఆ స్వరం తన చెవికి పట్టదని. అయినా ప్రొటెస్టెంట్ల గురించి, చైనా గురించి, ఇండియా గురించి ఎంత రాశాడో చూడండి. కాకపోతే ఎదుటివాడిని మూర్ఖుడనుకుంటూ చదివితే ఏమీ ఎక్కదు, ఆ ఒక్కటీ చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, నా పేరు వేయకండి. నేను బాగా పూజలు చేసే మనిషిని. మా అమ్మాయి ఈ కోర్సులో చేరింది. వాళ్ళ పుస్తకాలు అప్పుడప్పుడు నేనూ తిరగేస్తున్నాను, ఆసక్తిగానే ఉంది కానీ లోపల ఒకటే టెన్షన్. ఇవన్నీ చదివితే నమ్మకం పోతుందా? అమ్మాయిది, నాది కూడా.

జవాబు: అమ్మా, పోదని మాట ఇవ్వలేను. కొందరికి పోయింది, నా క్లాసులోనే చూశాను. కొందరికి గట్టిపడింది, అదీ చూశాను. ఎక్కువమందికి మాత్రం నమ్మకం ఆకారం మారింది, ముందు కథ నిజమా కాదా అని కొట్టుకునేవాళ్ళు తర్వాత ఆ కథ తమ ఇంట్లో ఏం పని చేస్తోందో గమనించడం మొదలుపెట్టారు.

ఇవాన్స్ ప్రిచర్డ్ అనే మానవశాస్త్రవేత్త కథ చెబుతాను. 1920ల్లో దక్షిణ సుడాన్‌లో అజాండె అనే జనం మధ్య ఉన్నాడు. వాళ్ళ ధాన్యపు కొట్లు గుంజల మీద నిలబడి ఉంటాయి, ఎండకు జనం వాటి కింద కూర్చుంటారు. ఒక్కోసారి కొట్టు కూలి కింద ఉన్నవాళ్ళకు దెబ్బలు తగులుతాయి. ఎందుకు కూలిందని అడిగితే గుంజలకు చెదలు పట్టిందని వాళ్ళకు తెలుసు, మనకు తెలిసినంతా తెలుసు. కానీ సరిగ్గా ఈ మనుషులు కూర్చున్నప్పుడే ఎందుకు కూలాలి? దానికి చెదలు జవాబు కాదు. ఎవరో చేతబడి చేశారంటారు. ఇవాన్స్ ప్రిచర్డ్ చేతబడిని నమ్మలేదు, కానీ ఆ రెండో ప్రశ్న అడగడం తెలివితక్కువ పని కాదని, వాళ్ళ ఆలోచనలో తర్కం ఉందని 1937లో పుస్తకం రాసి చూపించాడు. ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ నమ్మకాలను విప్పి చూసిన ఆ మనిషే 1944లో క్యాథలిక్ మతంలో చేరాడు. చదువు ఆయన్ని అటు తోసిందని అనను, అడ్డు మాత్రం పడలేదు.

మీరు పుస్తకాలు దాచేయాల్సిన పనీ లేదు, పూజ మానేయాల్సిన పనీ లేదు. అయితే ఒక పని చేయండి. అమ్మాయికి ఎలాగూ ప్రాజెక్టు కోసం ఎవరినో ఒకరిని ఇంటర్వ్యూ చేయమంటారు, మిమ్మల్నే చేయమనండి. ఈ పూజ ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మీరు మార్చిందేమిటి, వదిలేసిందేమిటి, ఎప్పుడు, ఎందుకు, అన్నీ అడగనివ్వండి. తెలియనిచోట తెలియదనే చెప్పండి, అమ్మాయి కోసం ఏదో ఒకటి అల్లొద్దు. రికార్డు చేసుకుంటే ఒక కాపీ మీరూ ఉంచుకోండి.